గురికి విలువ కట్టిన పుస్తకం: 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్

పాత్రలు ధరించి పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకు 2024 సెప్టెంబరులో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 384 పేజీల పుస్తకం. పాత్రల తరగతులు, మంత్రాలు, బొమ్మలు అన్నిటి గురించీ ఇక్కడ రాయబోవడం లేదు. యుద్ధంలో గురి ముఖ్యమా, దెబ్బ ముఖ్యమా అన్న ప్రశ్నకు ఈ పుస్తకం ఏం జవాబు చెప్పిందన్నదే నాకు కావలసింది. 2014 నాటి పుస్తకం పదేళ్లపాటు ఒక జవాబు చెబుతూ వచ్చింది. కొత్త పుస్తకం దాన్ని తిరగరాసింది. తిరగరాసిందే సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ మార్పులో పోగొట్టుకున్నది కూడా ఒకటుంది, దాని సంగతీ చెబుతాను.

నేను డిగ్రీ కళాశాలలో గణాంకశాస్త్రం బోధిస్తాను. ఆదివారం సాయంత్రాలు విజయవాడలో మా భోజనాల బల్ల చుట్టూ ఈ ఆట నడుస్తుంది. కథ చెప్పడం, రాక్షసులను నడపడం, తగవులు తీర్చడం నా పని. అంటే డంజన్ మాస్టర్‌ని. మా తమ్ముడు పెద్ద కత్తి పట్టిన యోధుడు. అతని స్నేహితులు ఇద్దరిలో ఒకరిది విల్లు, మరొకరిది సమ్మెట. బ్యాంకులో పనిచేసే నా స్నేహితురాలు దీవెనలిచ్చే క్లెరిక్. మాటలన్నీ తెలుగులోనే సాగుతాయి, నియమాల పేర్లు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే పలుకుతాం.

ఈ ఆట ఎరుగనివారికి కాస్త వివరం. మీ పాత్ర కత్తి దూసినప్పుడు ముందు ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పడిన అంకెకు పాత్ర నైపుణ్యం కలిపితే వచ్చే మొత్తం ఎదుటివాడి రక్షణ అంకె అయిన ఆర్మర్ క్లాస్‌ను అందుకుంటే దెబ్బ తగిలినట్టు. అది గురి. తగిలాక వేసే పాచికలు ఎదుటివాడి హిట్ పాయింట్లలో, అంటే ప్రాణబలం లెక్కలో, ఎన్ని తగ్గుతాయో చెబుతాయి. అది దెబ్బ. గ్రేట్‌సోర్డ్ అనే పెద్ద కత్తికి ఆరు ముఖాల పాచికలు రెండు వేసి, వాటికి బలాన్ని బట్టి వచ్చే అంకె (బలం 18 అయితే 4) కలుపుతారు.

2014 పుస్తకంలో గ్రేట్ వెపన్ మాస్టర్ అని ఒక ఫీట్, అంటే పాత్ర ఎంచుకునే ప్రత్యేక విద్య, ఉండేది. బరువైన ఆయుధంతో కొట్టేవాడు పాచిక వేయకముందే గురిలో ఐదు వదులుకుంటానని చెప్పవచ్చు. అప్పుడు తగిలితే దెబ్బకు పది కలుస్తుంది, తప్పితే ఏమీ దక్కదు. విల్లు పట్టినవారికి షార్ప్‌షూటర్ అనే ఫీట్‌లో ఇదే బేరం దొరికేది. ఇలాంటి ఆలోచన ఈ ఆటకు అంతకుముందే ఉంది. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో పవర్ అటాక్ పేరుతో ఎంత గురి తగ్గించుకోవాలో ఆటగాడే నిర్ణయించుకునేవాడు. ప్రతి వంతులోనూ కూడికలూ తీసివేతలూ తప్పేవి కావు. 2014 వారు ఆ తలనొప్పి లేకుండా ఐదుకు పది అని ఖాయం చేశారు.

ఆ బేరం ఎప్పుడు లాభిస్తుంది? ఇరవై ముఖాలలో ఐదు పోవడమంటే తగిలే అవకాశంలో నూటికి పాతిక పోవడం. పాచిక మీద ఇరవై పడితే దెబ్బ పాచికలు రెట్టింపు వేసే క్రిటికల్ దెబ్బ ఎటు ఎంచుకున్నా ఒకేలా కలిసివస్తుంది కనుక దాన్ని పక్కన పెట్టవచ్చు. ఆ తర్వాత లెక్క తేలికగా తేలుతుంది. మీ సగటు దెబ్బకు పది కలిపి నలభైతో భాగించండి. మామూలుగా మీకు తగిలే అవకాశం అంతకన్నా ఎక్కువైతే బేరం లాభం, తక్కువైతే నష్టం. ఐదో స్థాయి యోధుడికి బలం 18 అనుకుందాం. దాడికి 7 కలుస్తుంది, గ్రేట్‌సోర్డ్ సగటు దెబ్బ 11. పదకొండుకు పది కలిపి నలభైతో భాగిస్తే నూటికి 52.5 వస్తుంది. ఆర్మర్ క్లాస్ 17 ఉన్నవాడి మీద అతనికి తగిలే అవకాశం నూటికి 55, కాబట్టి గురి తగ్గించుకోవచ్చు. 18 ఉంటే నూటికి 50, తగ్గించుకోకూడదు.

ఈ సూత్రాన్ని తరగతి గదిలో నల్లబల్ల మీద రాస్తే విద్యార్థులు ముచ్చటపడతారు. కానీ పాత నియమంలోని మొదటి లోపం ఇందులోనే కనబడుతుంది. సగటు దెబ్బ ఎంత చిన్నదైతే బేరం అంత తేలికగా లాభిస్తుంది. చేతిలో ఇమిడే చిన్న హ్యాండ్ క్రాస్‌బోకు దెబ్బ పాచిక ఒక్కటే, అదీ ఆరు ముఖాలది. నేర్పు 18 ఉన్న విలుకాడికి దాంతో సగటున 7.5 వస్తుంది. ఆర్చరీ అనే పోరాట శైలి ఇచ్చే 2 కూడా చేరి అతని దాడికి 9 కలుస్తుంది. ఆర్మర్ క్లాస్ 15 మీద నూటికి 75 తగులుతాయి, బేరం లాభించే గీత చూస్తే 44 దగ్గరే ఉంది. కళ్లు మూసుకుని బేరం ఒప్పుకోవచ్చు. అప్పుడు ఆ చిన్న ఆయుధం ఒక్కో దెబ్బకు 17.5 చొప్పున కొడుతుంది. నిలువెత్తు కత్తి అదే బేరంలో 21 కొడుతుంది. ఆయుధానికీ ఆయుధానికీ తేడా చెప్పవలసిన పాచికలు ఆ పది ముందు వెలవెలబోయాయి. ఏ ఆయుధం పట్టారన్నది పోయి, ఆ ఫీట్ తీసుకున్నారా లేదా అన్నదే మిగిలింది. కత్తీ డాలూ పట్టుకుని వచ్చినవాడు లెక్కలోకే రాకుండా పోయాడు.

సగటు చూపించని సంగతులు ఇంకా రెండున్నాయి.

పాత రాక్షసుల పుస్తకంలో గాబ్లిన్‌కు ఆర్మర్ క్లాస్ 15, హిట్ పాయింట్లు 7. మన యోధుడి మామూలు దెబ్బ 6కు తగ్గదు. తగిలిందంటే ముప్ఫై ఆరు సార్లలో ముప్ఫై ఐదు సార్లు గాబ్లిన్ చచ్చినట్టే. దాని మీద పది కలిపి కొడితే చచ్చినవాడినే మళ్లీ చంపినట్టవుతుంది. తగిలే అవకాశం మాత్రం 65 నుంచి 40కి పడిపోతుంది. సూత్రం ఇక్కడ లాభమే అంటుంది, గాబ్లిన్ మాత్రం బతికి బయటపడుతుంది. అదే ఓగర్ అయితే కథ వేరు. ఆర్మర్ క్లాస్ 11, హిట్ పాయింట్లు 59. గురి తగ్గించుకుంటే క్రిటికల్‌తో కలిపి సగటున ఒక్కో దాడికి 12.95, తగ్గించుకోకపోతే 9.7. పెద్ద ఒళ్లు, పలుచని కవచం. అలాంటివాడి ముందు పాత బేరం నిజంగానే బంగారం.

రెండోది నాకు మరీ ముఖ్యమైనది. దాన్ని ఖాళీ వంతు అంటాను. ఐదో స్థాయి యోధుడు వంతుకు రెండు దాడులు చేస్తాడు. ఆర్మర్ క్లాస్ 15 మీద రెండూ తప్పే అవకాశం మామూలుగా నూటికి 12. గురి తగ్గించుకుంటే నూటికి 36. మూడు వంతులలో ఒకటికి పైగా ఏమీ జరగకుండా పోతుందన్న మాట. సగటు చూస్తే దాడికి 7.5 కాస్తా 8.75 అయింది, లాభమే. కానీ బల్ల దగ్గర కూర్చున్న మనిషి సగటును అనుభవించడు, తన వంతును అనుభవిస్తాడు. మా బల్ల మీద ఒకరి వంతు తిరిగి వచ్చేసరికి పావుగంట పడుతుంది. తమ్ముడు రెండు పాచికలూ వేస్తాడు, రెండూ తప్పుతాయి, పాచికలను పక్కకు జరిపి ఫోను తీస్తాడు. తర్వాతి పావుగంటలో నేను చెప్పే కథలో అతను లేడు. ఆట నడిపేవాళ్లకు ఆ దృశ్యం ఎంత బాధ కలిగిస్తుందో నడిపినవాళ్లకే తెలుస్తుంది.

ఇక కొత్త పుస్తకం. ఐదో అధ్యాయంలో గ్రేట్ వెపన్ మాస్టర్ పేరు అలాగే ఉంది, లోపల సరుకు మారింది. నాలుగో స్థాయి నుంచి తీసుకోవచ్చు, బలం కనీసం 13 ఉండాలి. తీసుకోగానే బలం ఒకటి పెరుగుతుంది. మీ వంతులో అటాక్ యాక్షన్ కింద బరువైన ఆయుధంతో కొట్టిన ప్రతి దెబ్బకూ స్థాయితోపాటు పెరిగే ప్రొఫిషియెన్సీ బోనస్ అంత అదనంగా కలుస్తుంది. అది నాలుగో స్థాయిలో 2, ఐదులో 3, పదిహేడుకు చేరేసరికి 6. గురిలో ఏమీ వదులుకోనక్కర్లేదు. ఎదుటివాడు కూలినా, క్రిటికల్ పడినా బోనస్ యాక్షన్‌గా మరో దెబ్బ కొట్టే పాత సౌకర్యం మిగిలే ఉంది. ఆ అదనపు దెబ్బకు మాత్రం ప్రొఫిషియెన్సీ కలవదు. మొదటిసారి చదివేటప్పుడు ఈ సంగతి చాలామంది దాటిపోతారు.

పది ఎక్కడ, మూడు ఎక్కడ అని తమ్ముడు మొదట పెదవి విరిచాడు. అతనికి ఆరో అధ్యాయం తీసి ఆయుధాల పట్టిక చూపించాను. ఈసారి పట్టికలో ఒక కొత్త నిలువు వరుస చేరింది: మాస్టరీ. ప్రతి ఆయుధానికీ ఒక ప్రత్యేక గుణం. ఫైటర్, బార్బేరియన్, పాలడిన్, రేంజర్, రోగ్ మొదటి స్థాయి నుంచే తాము ఎంచుకున్న కొన్ని ఆయుధాలకు ఆ గుణాన్ని వాడుకోవచ్చు. గ్రేట్‌సోర్డ్‌కు ఎదురుగా రాసి ఉన్న పేరు గ్రేజ్. దాడి తప్పినా సరే, కొట్టడానికి వాడిన సామర్థ్యపు కలుపుడు అంకె ఎంతో అంత దెబ్బ ఎదుటివాడికి పడుతుంది. బలం 18 అయితే 4.

ఇప్పుడు లెక్క చూడండి. ఐదో స్థాయి, బలం 18, ఆర్మర్ క్లాస్ 15. తగిలితే సగటున 14, నూటికి 65 సార్లు. తప్పితే 4, నూటికి 35 సార్లు. క్రిటికల్‌తో కలిపి దాడికి 10.85. పాత బేరం ఎంత బాగా పారినా 8.75 దగ్గర ఆగింది. అది కూడా బలం 18 అనుకుంటేనే. పాత ఫీట్ బలాన్ని పెంచేది కాదు, నాలుగో స్థాయిలో దాన్ని తీసుకున్నవాడు చాలాసార్లు 16 దగ్గరే ఉండిపోయేవాడు. అప్పుడు గురి తగ్గించుకున్నా వచ్చేది 7.35. ఉక్కు కవచం తొడిగిన నైట్, అంటే ఆర్మర్ క్లాస్ 18 ఎదురైనా కొత్త యోధుడికి 9.35 వస్తుంది. ఇక రెండు దాడులూ తప్పిన వంతులోనూ 8 హిట్ పాయింట్లు పోతాయి. ఖాళీ వంతు అనేదే లేదు.

ఈ నియమం బల్ల మీద ఎలా ఉంటుందో ఒక్క సంఘటన చెబుతాను. ఓగర్‌కు మూడే హిట్ పాయింట్లు మిగిలాయి. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. తమ్ముడి పాచిక మీద రెండు పడింది. అలవాటు కొద్దీ పాచికను జరపబోతుంటే నా స్నేహితురాలు అతని మణికట్టు పట్టుకుని "గ్రేజ్ ఉంది కదా, నాలుగు చెప్పు" అంది. "నాలుగు" అన్నాడు నీరసంగా. కత్తి అంచు ఓగర్ భుజం మీద నుంచి జారిపోయిందనీ, వెనక్కి లాగేటప్పుడు పిడి దవడకు తగిలిందనీ, కొండలాంటి ఒళ్లు వంతెన మీద నుంచి ఏట్లోకి ఒరిగిందనీ చెప్పాను. అందరూ లేచి నిలబడ్డారు. పాత నియమంలో అయితే నేను చెప్పగలిగేది ఒక్క మాటే: తప్పింది, తర్వాత ఎవరు?

తప్పిన దెబ్బ కూడా తగలడమేమిటని అభ్యంతరం చెప్పేవారున్నారు. మా విలుకాడు వారిలో ఒకడు. నాకు ఆ వాదన నిలిచేదిగా కనబడదు. హిట్ పాయింట్లంటే రక్తమాంసాలే కావు. దేహదారుఢ్యం, మనోబలం, బతకాలన్న పట్టుదల, అదృష్టం అన్నీ కలిపితేనే హిట్ పాయింట్లని 2014 పుస్తకమే చెప్పింది. మనిషెత్తు కత్తి చెవి పక్కగా దూసుకుపోతే తప్పించుకోవడానికి పడ్డ అవస్థలో ఒంట్లో సత్తువ తగ్గదా? పైగా ఈ ఆలోచన ఈ ఆటకు కొత్త కూడా కాదు. 2008 నాటి నాలుగో ఎడిషన్‌లో ఫైటర్‌కు రీపింగ్ స్ట్రైక్ ఉండేది. రెండు చేతుల ఆయుధంతో కొట్టి తప్పినా బలం ఇచ్చే అంకె అంత దెబ్బ పడేది. ఆ ఎడిషన్‌ను తిట్టిపోసినవారు చాలామందే ఉన్నారు. అందులోని మంచిని పదహారేళ్ల తర్వాత ఏరుకుని పెట్టుకోవడం ఈ పుస్తకం రాసినవారి వివేకం.

గురి ఒక్కడి సొత్తు కాదని కూడా కొత్త పట్టిక చెబుతోంది. నాకు గ్రేజ్ తర్వాత నచ్చినది వెక్స్. రేపియర్, షార్ట్‌సోర్డ్, షార్ట్‌బో లాంటి తేలిక ఆయుధాలకు ఇది ఉంటుంది. ఒకసారి దెబ్బ తగిలితే అదే శత్రువు మీద మీ తర్వాతి దాడికి అడ్వాంటేజ్ వస్తుంది, అంటే ఇరవై ముఖాల పాచికలు రెండు వేసి పెద్దది తీసుకుంటారు. నూటికి 65 ఉన్న అవకాశం దాదాపు 88 అవుతుంది. తేలిక ఆయుధం పట్టినవాడు ఇక్కడ దెబ్బలో వెనకబడినా గురిలో ముందుకు వస్తాడు. బరువైనది పట్టినవాడికి గురి తప్పినా దెబ్బ మిగులుతుంది. ఆయుధానికి ఒక నడవడి ఏర్పడిందంటే ఇదే. 2014లో నాకు కొరవడింది కూడా ఇదే.

సమ్మెటకూ యుద్ధపు గొడ్డలికీ ఉన్న టాపుల్ మరో రకం. దెబ్బ తిన్నవాడు కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనపు) పరీక్ష నెగ్గకపోతే నేల మీద పడతాడు. పడ్డవాడి పక్కన నిలబడి కొట్టేవారందరికీ అడ్వాంటేజ్. దూరం నుంచి బాణం వేసేవాడికి మాత్రం డిస్అడ్వాంటేజ్, అంటే రెండు పాచికల్లో చిన్నదే లెక్క. మా బల్ల మీద ఇది రోజూ తగవే. "పడేయకురా, నిలబడనీ, నా బాణం అయ్యాక పడేయి" అని విలుకాడు బతిమాలతాడు. సమ్మెట పట్టినవాడు విలుకాడి వంతు వచ్చేదాకా ఆగనంటాడు. ఇద్దరూ నా వైపు చూస్తారు. నేను మాట్లాడను, ఎందుకంటే ఆ తగవే నాకు కావలసిన యుద్ధం. ఒకరి గురి మరొకరి నిర్ణయం మీద ఆధారపడినప్పుడు బల్ల చుట్టూ ఉన్నవారందరూ ప్రతి వంతులోనూ ఉంటారు. పాత రోజుల్లో ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా జరిగేది. నా స్నేహితురాలి బ్లెస్ మంత్రం ముగ్గురి దాడులకు నాలుగు ముఖాల పాచిక కలుపుతుంది, సగటున 2.5. తమ్ముడు వదులుకున్న ఐదులో సగం అలా తిరిగొచ్చేది. దాంతో అందరి దీవెనలూ, అందరి ఎత్తుగడలూ ఆ పెద్ద కత్తికే ధారపోయడం మామూలైపోయింది. మిగిలినవారు అతని ఊడిగం చేస్తున్నట్టుండేది.

చిన్న మార్పే అయినా చెప్పకుండా ఉండలేను. గ్రేట్ వెపన్ ఫైటింగ్ శైలిలో ఇదివరకు దెబ్బ పాచిక మీద ఒకటో రెండో పడితే మళ్లీ వేసుకునేవారు. ఇప్పుడు వాటిని మూడుగా లెక్కపెట్టుకుంటే చాలు. గ్రేట్‌సోర్డ్ సగటు 8.33 నుంచి 8కి తగ్గింది. పాచికలు ఏరుకుని మళ్లీ వేసే తతంగం పోయింది. మంచి మారకం.

ఇక నాకు లోటనిపించినవి.

పాత బేరం ఉన్నప్పుడు నా వర్ణనకు విలువ ఉండేది. ఆర్మర్ క్లాస్ ఎంతో ఆటగాడికి నేను చెప్పను. గురి తగ్గించాలా వద్దా అని తేల్చుకోవడానికి అతను నా మాటలనే పట్టుకోవాలి. "అక్కా, వాడి ఒంటి మీద ఏముంది?" అని అడిగేవాడు తమ్ముడు. "నిలువెల్లా ఉక్కు, కళ్లు కూడా కనబడవు" అంటే ఒక క్షణం ఆలోచించి "అయితే తగ్గించను" అనేవాడు. తోలు చొక్కా అంటే కళ్లు మెరిసేవి. శత్రువు ఎలా ఉన్నాడో అంత శ్రద్ధగా ఇంకెప్పుడూ వినలేదు. కొత్త ఫీట్ వచ్చాక ఆ ప్రశ్న అడగడం మానేశాడు. ప్రతి దెబ్బకూ మూడు కలుస్తుంది, అడగవలసిన అవసరమేముంది? ఆటగాడు శత్రువును కళ్లారా చూడడానికి ఉన్న ఒక బలమైన కారణం పోయింది. పుస్తకం దాని స్థానంలో మరొకటి పెట్టి ఉండవలసింది.

నిజానికి పెట్టింది, కానీ అందరికీ కాదు. తొమ్మిదో స్థాయి బార్బేరియన్‌కు బ్రూటల్ స్ట్రైక్ వస్తుంది. తెగించి కొట్టే రెక్‌లెస్ అటాక్‌తో తెచ్చుకున్న అడ్వాంటేజ్‌ను ఒక్క దాడికి వదులుకుంటే, తగిలినప్పుడు పది ముఖాల పాచిక అదనంగా కలుస్తుంది, దానితోపాటు శత్రువును పదిహేను అడుగులు నెట్టడమో, అతని నడకను పదిహేను అడుగులు తగ్గించడమో చేయవచ్చు. ఇది మళ్లీ గురిని ఇచ్చి దెబ్బను కొనుక్కోవడమే. ఉత్సాహంగా లెక్క కట్టాను. బలం 20, గ్రేట్‌యాక్స్, కోపావేశం (రేజ్) ఇచ్చే 3, కొత్త ఫీట్ ఇచ్చే 4 కలిపితే సగటు దెబ్బ 18.5. ఆర్మర్ క్లాస్ 16 మీద అడ్వాంటేజ్‌తో నూటికి 91 తగులుతాయి, అది లేకుండా 70. మొదటి దారిలో సగటు 16.8. రెండో దారిలో దెబ్బ 24 అవుతుంది, సగటు మళ్లీ 16.8! త్రాసు ఎటూ మొగ్గదు. కాబట్టి సూత్రం పట్టుకుని కూర్చుంటే ప్రయోజనం లేదు. శత్రువు వెనక లోయ ఉందా, అతను పారిపోతున్నాడా, మనవాడొకడు అతని చేతికి చిక్కబోతున్నాడా అని చూసి నిర్ణయించాలి. పాత ఐదుకు పది బేరం ఇలా ఉండవలసింది. గ్రేట్ వెపన్ మాస్టర్‌కు కూడా ఇలాంటిదొకటి రాసి ఉంటే ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకునేదాన్ని.

టాపుల్ వల్ల ఆట నెమ్మదించే మాట నిజం. తగిలిన ప్రతిసారీ ఒక పరీక్ష. ఐదో స్థాయిలో దాటవలసిన అంకె 15, వంతుకు రెండు దాడులు, రెండు పరీక్షలు. సమ్మెట పట్టినవాడు దాడి పాచిక వేస్తున్నప్పుడే నేనూ నా పాచిక వేసి తెర వెనక ఉంచుతున్నాను. తగిలితే చూస్తాను, లేకపోతే తీసేస్తాను. ఆ పద్ధతిలో కొంత సమయం కలిసివస్తోంది.

విల్లు వాళ్లకు మనసు కష్టపడుతుంది. షార్ప్‌షూటర్‌లో పది పోయింది, దాని బదులు దెబ్బకు ఏమీ రాలేదు. నేర్పు ఒకటి పెరుగుతుంది, చాటున దాక్కున్నవాడిని కొట్టవచ్చు, దూరం అడ్డు కాదు, శత్రువు మీద పడ్డా తడబడకుండా బాణం వేయవచ్చు. ఆర్చరీ శైలి ఇచ్చే 2 ఎలాగూ ఉంది. ఎక్కడో భద్రంగా నిలబడి కొట్టేవాడికి ఇది చాలునని నా తీర్పు. మా విలుకాడు ఒప్పుకోడు.

నన్ను అన్నిటికన్నా చిరాకు పెట్టినది వేరే ఉంది. అవకాశాల మీద నడిచే ఆటకు నియమాల పుస్తకం రాసి, ఏ ఆర్మర్ క్లాస్ మీద నూటికి ఎన్ని తగులుతాయో చెప్పే చిన్న పట్టిక ఒక్కటీ ఇవ్వలేదు. అడ్వాంటేజ్ విలువ ఎంతో కొత్తవాడికి ఎలా తెలియాలి? సగం పేజీ సరిపోయేది. చివర ఉన్న నియమాల పదకోశం మాత్రం ఎంతో బాగుంది. అక్షర క్రమంలో ఉంది, యుద్ధం మధ్యలో ప్రోన్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే జవాబు వెంటనే దొరుకుతుంది.

అమెరికాలో దీని వెల 49.99 డాలర్లు. నేను ఆన్‌లైన్‌లో కొన్న ప్రతి అట్ట మూల నలిగి వచ్చింది. ఇంత బరువైన పుస్తకాన్ని పలుచని సంచిలో పంపితే అంతే మరి. తెప్పించుకునేవారు గట్టి పెట్టెలో పంపే విక్రేతను చూసుకోండి. బైండింగ్ గట్టిదే, ఆయుధాల పట్టిక దగ్గర బల్ల మీద తెరిచి పెడితే మూసుకుపోకుండా ఉంటోంది.

కొనే ముందు చూసి తెలుసుకోవాలనుకుంటే ఉచితమైన దారి ఉంది. కొత్త నియమాల సారాంశాన్ని 2025లో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు. ఆయుధాల మాస్టరీ అందులో ఉంది కనుక గ్రేజ్, వెక్స్, టాపుల్ మూడింటినీ డబ్బు పెట్టకుండా ఆడి చూడవచ్చు. గ్రేట్ వెపన్ మాస్టర్, షార్ప్‌షూటర్ మాత్రం అందులో లేవు, వాటి కోసం పుస్తకమే కావాలి. కత్తి పట్టే పాత్రలు ఇద్దరు ముగ్గురున్న బల్లకు తప్పకుండా కొనమంటాను. అందరూ మంత్రగాళ్లే అయితే ఈ కారణం మీద కొననక్కర్లేదు.

పాత పుస్తకం ఇంట్లో ఉన్నవారికి ఒక మాట. పాత గ్రేట్ వెపన్ మాస్టర్‌ను ఉంచుకుని, దానికి కొత్త గ్రేజ్‌ను జతచేయాలని ఎవరో ఒకరు అడుగుతారు. మా తమ్ముడు అడిగాడు. ఆర్మర్ క్లాస్ 15 మీద ఆ కలయిక దాడికి 11.15 ఇస్తుంది, కొత్త ఫీట్ ఇచ్చే 10.85 కన్నా కాస్తే ఎక్కువ. అడ్వాంటేజ్ దొరికితే మాత్రం 15.5 దాటుతుంది, కొత్తది 13.5 దగ్గర ఆగుతుంది. తప్పితే ఏమీ దక్కదన్న భయమే పాత బేరానికి కళ్లెం, గ్రేజ్ ఆ కళ్లాన్ని తీసేస్తుంది. నా బల్ల మీద ఒప్పుకోలేదు. ఫీట్ ఏ పుస్తకంలోదైతే ఆయుధాల పట్టికా ఆ పుస్తకంలోదే వాడాలని చెప్పాను.